మామ కోసం తెప్పించిన ఐసుగడ్డ

మొన్న బుధవారం మా ఇంట్లో ఏం జరిగిందో మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తున్నారు. మామకు నేనేదో ఆకు కాచి పోసి ప్రాణం మీదికి తెచ్చినానని స్టేషను దగ్గర అనుకుంటున్నారట. ఆ ఆకు చుక్క కూడా ఆయన గొంతు దిగలేదు ఆరోజు. అందుకే చెప్తున్నా, కూర్చోండి, నా నోటితోనే వినండి. నవ్వకుండా వినాలి. ఊరు ఊరంతా మా ఇంటికొచ్చి ఏడ్చిపోయిన విషయం ఇది.

మా మామకు బేతంచెర్లలో నాపరాళ్ళ గని ఉంది. అరవై రెండేండ్ల మనిషి, ఊరంతా పెద్దరెడ్డి అంటారు. తెల్లారకముందే గనికి పోతాడు, ఎండ ముదిరే లోపల ఇంటికొస్తాడు, సంగటి తిని ముందరింట్లో బండల మీద ఒట్టి నేల మీదనే పడుకుంటాడు. చాప వేస్తే తీసేయమంటాడు. పరుపుల మీద పడుకునేవాళ్ళకే రోగాలొస్తాయని ఆయన సిద్ధాంతం. బీడీ లేదు, చుట్ట లేదు, సారా వాసనే పడదు. ఉన్నదల్లా ఒకటే అలవాటు. టీ.

రోజుకు తొమ్మిది గ్లాసులు. మా అత్త చేతి టీ అంటే మీకు తెలీదు. సగం పాలు, సగం చక్కెర. ఆకు ఏదో మర్యాదకు నాలుగు రవ్వలు వేస్తుంది. దాన్ని అరగంట సేపు మరగబెట్టి, పైన మీగడ కట్టినాక ఇస్తుంది. అది తాగితే మామకు మళ్ళీ గని దాకా నడిచే ఓపిక వస్తుంది. అట్లా నలభై ఏండ్లు గడిచిపోయినాయి.

పోయిన నెల కళ్ళు తిరిగి గనిలో కూలబడ్డాడు. మా ఆయన నంద్యాలకు తీసుకుపోయి డాక్టరుకు చూపించినాడు. డాక్టరు ఒకటికి రెండు పరీక్షలు చేసి, "పెద్దాయనా, నీ ఒంట్లో చక్కెర శానా ఉంది. ఈ టీ, చక్కెర మానకుంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు" అని ముఖం మీదే చెప్పేసినాడు. మామ సరేనని తలూపినాడు. తలూపి బయటికొచ్చి, నంద్యాల స్టేషనులో రెండు గ్లాసులు టీ తాగి రైలెక్కినాడు. అదేం నాయనా అని మా ఆయన అడిగితే, "డాక్టరు మాటలకు నాలిక ఎండకపాయెరా" అన్నాడట.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా నాయన కడపలో పోయింది ఈ చక్కెర జబ్బుతోనే. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. మా అమ్మ ఇంట్లో బెల్లం, చక్కెర అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసేది. మా నాయన నన్ను పక్కకు పిలిచి, "సరోజా, అంగడికి పోయి మైసూరు పాకు తీసుకురా, మీ అమ్మకు చెప్పొద్దు" అనేవాడు. నేను పరుగున పోయి తెచ్చేదాన్ని. నాయన తింటుంటే తలుపు దగ్గర కాపలా కాసేదాన్ని. నాకదంతా ఆటగా ఉండేది. ఆయన పోయినాక ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవ్వరికీ తెలీదు కాబట్టి. నాకు తెలుసు. ఈ ఇంటికొచ్చిన రెండేండ్లలో ఈ మామ నన్ను కోడలని ఒక్కరోజు తక్కువ చేసి చూడలేదు. అందుకే గట్టిగా అనుకున్నా, ఈయన్ను మాత్రం పోనివ్వకూడదు అని.

ఆ సమయానికే మా తమ్ముడి దగ్గర్నుంచి పార్సిలు వచ్చింది. వాడు మిలిటరీలో ఉన్నాడు, ఇప్పుడు కాశ్మీరు వైపు వేసినారు. రేకు డబ్బా నిండా ఎండిన ఆకు, పైన ఒక ఉత్తరం. "అక్కా, ఇది కూడా టీ ఆకే, కానీ నల్లగా కాకుండా పచ్చగానే ఎండబెడతారు. పాలు వద్దు, చక్కెర వద్దు. ఇక్కడి ముసలివాళ్ళు దీన్ని తాగి మాకంటే ముందు కొండెక్కుతారు. మీ మామకు ఇచ్చి చూడు" అని రాసినాడు. నాకు ఆ డబ్బాలో మామ ఆయుష్షే కనిపించింది, నమ్మండి.

మొదటిరోజు వేడిగానే ఇచ్చినా. మన టీ ఎట్లా కాస్తామో అట్లాగే కాచినా. పొయ్యి మీద పెట్టి అరగంట కుతకుత ఉడికించినా. ఉత్తరం రెండో పేజీలో మా తమ్ముడు ఏదో రాసినాడు గానీ, మొదటి పేజీ చదివేసరికే నాకు ఆగలేదు. గ్లాసులో పోస్తే ఆ రంగు పసుపూ కాదు, పచ్చా కాదు. మామ అంచుకు పెదవి ఆనించి, ఒక గుక్క నోట్లో పోసుకుని, లేచి బయటికి పోయి, ఎద్దుల గాడి దగ్గర ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

"సరోజమ్మా," అన్నాడు చాలా నెమ్మదిగా, "మీ తమ్మునికి నా మీద ఏం కోపముండాది?"

"కోపమెందుకు మామా! మిలిటరీలో అందరూ ఇదే తాగుతారంట."

"అందుకే వాళ్ళు సావుకు బయపడరు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నేను ఊరుకునే మనిషిని కాదు కదా, ఆరోజు నుంచి పొద్దున సాయంత్రం అదే మాట. తాగు మామా, ఒక్క వారం తాగు మామా. వారం రోజులు విన్నాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం, పైన ఎండ నిప్పులు చెరుగుతుంటే, తడి టవలు మెడకు చుట్టుకుని అత్త ముందర నాతో ఒప్పందానికి వచ్చినాడు.

"ఈ ఎండలకు సల్లగా ఉంటే ఇసమైనా తాగొచ్చు. ఐసు ఏసి ఇయ్యి, తాగుతా. నెల దినాలు ఇదే తాగుతా, చక్కెర ముట్టను. నా గని మీద ఒట్టు. ఐసు తేలేకపోతివా, ఆ డబ్బా మాట నాతాన మళ్ళా ఎత్తగూడదు. సరేనా?"

"సరే మామా!" అన్నా.

ఆయన హాయిగా నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వినాడో నాకప్పుడు తెలీదు. కడపలో మా వీధి చివర షర్బత్ అంగట్లో ఎండాకాలమంతా ఐసు తురిమి పోసేవాళ్ళు. ఐసంటే నాకు అంతే. ఈ ఊరికి ఐసు రావాలంటే నంద్యాల నుంచి రైల్లో రావాలని, అది కూడా ఊరికే రాదని నాకేం తెలుసు?

నెల దినాలు చక్కెర ముట్టకపోతే నాలుక దానంతట అదే మరిచిపోతుందని నా లెక్క. అందుకని మా ఆయన వెంటపడినా. ఆయన మంగళవారం బండల పని మీద నంద్యాలకు పోతున్నాడు. "అక్కడ ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా, చిన్న ముక్క పంపు. ఇది నీకు కాదు, మీ నాయన ప్రాణానికి" అని చెప్పినా. ఆయన సరేనన్నాడు. చిన్న ముక్క అమ్మరట వాళ్ళు. నిండు గడ్డ కొని, ఊకలో పొర్లించి, గోనెసంచులు చుట్టి, తాళ్ళు కట్టించి బుధవారం పొద్దున ప్యాసింజరు గార్డుకు అప్పజెప్పినాడు. తను మాత్రం పని చూసుకుని సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు.

బుధవారం వచ్చింది. మామ గని నుంచి వచ్చి, సంగటి తిని, బండల మీద పడుకున్నాడు. ఎండకు టవలు తడిపి మొహం నిండా కప్పుకున్నాడు. ఆయన నిద్ర మీకు తెలీదు, గనిలో తోటాలు పేలుతుంటే పక్కనే కునుకు తీసే మనిషి. అత్త నిమ్మకాయల కోసం వీధి చివరికి పోయింది. నేను వాకిట్లో నిలబడి ఎదురుచూస్తున్నా. స్టేషను నుంచి మస్తాను ఎద్దులబండి వచ్చి మా గడప ముందర ఆగింది. బండి మీద ఒక్కటే మూట, నాలుగడుగుల పొడవు, నీళ్ళు కారుతూ.

మస్తాను ఎప్పుడూ వాగుతూ వస్తాడు. ఆరోజు నోరెత్తలేదు. బండి దిగి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ దెబ్బ అనుకున్నా.

"లోపల వంటింట్లో పెట్టు మస్తానూ" అన్నా.

"నేను లోపలికి రాను తల్లీ. ఈడ పంచలోనే దించుతా."

దించి చేతులు కట్టుకుని నిలబడినాడు. పాపం ఇంత ఎండలో మోసుకొచ్చినాడు కదా అని, "ఉండు, మజ్జిగ తెస్తా, తాగిపో" అన్నా.

"ఈ దినం ఈ ఇంట్లో నేనేం తాగేది తల్లీ," అన్నాడు. "శానా మంచోడు పెద్దరెడ్డి."

"మంచోడే. కానీ ఒట్టి మొండి. ఈరోజుతో ఆ మొండితనం కూడా తీరిపోయిందిలే" అన్నా, ఐసు వచ్చిన సంతోషంలో.

మస్తాను నా వైపు ఒక చూపు చూసినాడు. బండి ఎక్కి పోయినాడు. ఆ చూపు గురించి నేను తర్వాత చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

ఈసారి టీ సరిగ్గా కాయాలని మా తమ్ముడి ఉత్తరం రెండో పేజీ కూడా చదివినా. ఆకును ఉడికించనే కూడదట! నీళ్ళు కాగినాక దించి, ఆకు వేసి మూత పెట్టి, కాసేపు ఉంచి వడగట్టాలట. సరేనని పెరట్లో పొయ్యి ముట్టించి నీళ్ళు పెట్టినా. పక్కింటి రత్నమ్మక్క, అంగడి శెట్టిగారి భార్య, గోడ మీదుగా తల పెట్టింది. ఆమె కూడా కళ్ళు ఒత్తుకుంటూ ఉంది.

"సరోజా, పొయ్యి ముట్టించొద్దమ్మా. అన్నం, పప్పు మేము పంపుతాం."

"ఎందుకక్కా నీకు శ్రమ. ముట్టించేసినా. నీళ్ళు కాగుతున్నాయి."

"నీళ్ళంటే సరే. అవి కాంచాల్సిందే." మళ్ళీ తనే, "మీ ఆయనకు తెలుసునా?" అంది.

"ఆయనే కదా ఐసు పంపింది! సాయంత్రం బస్సుకు వస్తాడు."

"అందాకా ఉంచుతారా?"

"ఉంటుందక్కా. ఊక బాగా దట్టించి పంపినాడు. ఆ మాత్రం సాయంత్రం దాకా కరగదు."

రత్నమ్మక్క నన్ను ఎగాదిగా చూసి, "నీకుండే గుండె నిబ్బరం నాకు లేదు తల్లీ" అని తల కిందికి దించేసింది. పొరుగు మంచిదైతే ఎంత సుఖం అనుకుంటూ నేను ఆకు కొలిచి నీళ్ళలో వేసి మూత పెట్టినా.

మూత తీసి చూస్తే ఈసారి రంగు ఎంత బాగా వచ్చిందో! లేత చివురు రంగు. వాసన కూడా కమ్మగా ఉంది. రుచి చూసినా, చేదు లేదు. ఇక చల్లారబెట్టి, నిమ్మకాయ పిండి, ఐసు వేస్తే అయిపోయింది. మామ ఒక్క గుక్క తాగితే చాలు, నా నెల నాకు దొరికినట్టే. గుడ్డతో వడగడుతున్నా. అప్పుడు ముందరింట్లో నుంచి వినిపించింది ఏడుపు.

మామూలు ఏడుపు కాదు. రాగం తీసి ఏడ్చే ఏడుపు. "అన్నా... నన్నిడిచి యాడికి పోతివన్నా..." అని. ఆ గొంతు మామ చెల్లెలు చెన్నమ్మత్తది, రైల్వే గేటు అవతల ఉంటుంది ఆమె. చేతిలో గిన్నె అట్లాగే వదిలేసి పరుగెత్తినా.

ముందరిల్లు నిండిపోయి ఉంది. గని మనుషులు, వీధి ఆడవాళ్ళు, స్టేషను కూలీలు, అంగళ్ళవాళ్ళు. మధ్యలో బండల మీద మామ, పడుకున్నవాడు పడుకున్నట్టే, మొహం మీద తడి టవలుతో. గని మేస్త్రీ కాశప్ప అప్పటికే పనిలో దిగినాడు. పనిమంతుడు, ఎవరూ చెప్పే పని లేకుండానే పంచలో గడ్డ విప్పి, పగలగొట్టి, ముక్కలన్నీ మామకు అటొక వరస ఇటొక వరస చక్కగా పేర్చేసినాడు. నేలంతా ఊక. చెన్నమ్మత్త కాళ్ళ దగ్గర కూర్చుని, "బండలకు గిరాకీ వొచ్చే యాలకు పోతివి కదన్నా... కొత్త పంచె కట్టకనే పోతివి కదన్నా..." అని నేల గుద్దుకుంటూ ఉంది.

నిజం చెప్తున్నా, ఇక్కడ మీరు నవ్వినా సరే. నేను కూడా నమ్మేసినా. ఐసు తెప్పించింది నేను. ఎందుకు తెప్పించినానో ఆ నిమిషం నాకే గుర్తు లేదు. అట్లాంటి ఏడుపు నేను కడపలో మా ఇంట్లో విన్నా, అదే చెవిలో పడింది. పొద్దున నేను చూడని సమయంలో ఎక్కడో టీ తాగినాడు, నేను కాపలా కాయలేకపోయినా, మళ్ళీ నా చేతుల్లోనే పోయినాడు, అనే అనుకున్నా. "మామా!" అని పెట్టిన కేకకు చెన్నమ్మత్త కూడా ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. ఆరోజు మా ఇంట్లో అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. ఇది ఎవరిని అడిగినా చెప్తారు.

అప్పుడు టవలు కింద నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

"అబ్బబ్బా... ఎంత సల్లగుండాదో."

చెన్నమ్మత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వెనకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వాకిట్లోకి దూకినారు. మామ టవలు తీసి, ఒక పక్కకు చూసినాడు, ఐసు. ఇంకో పక్కకు చూసినాడు, ఐసు. లేచి కూర్చుని చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకటొకటిగా చూసినాడు. ఎవరో పోయినారని ఆయనకు అర్థమైంది. గొంతు తగ్గించి, మర్యాదగా అడిగినాడు.

"ఎవురప్పా సచ్చింది?"

ఎవరికి మాత్రం నోరొస్తుంది? ఆఖరికి కాశప్పే చేతులు కట్టుకుని చెప్పినాడు. ఇరవై ఏండ్లుగా మామ ఏదడిగినా జవాబు చెప్పడం అలవాటైన మనిషి.

"నువ్వే రెడ్డీ."

"నేనా? ఎప్పుడు?"

"అది తెల్దు. పది గంటల బండికి ఐసు దిగె గదా."

అక్కడ తెలిసింది నాకు నేను చేసిన ఘనకార్యం. ఈ ఊరికి ఐసు గడ్డ దిగేది రెండింటికే. ఒకటి పెండ్లి, షర్బత్‌కు. రెండోది ఇంకోటి, పోయినవాళ్ళను దూరపు చుట్టాలు వచ్చేదాకా ఉంచడానికి. ఇప్పుడేమో మూఢం నడుస్తోంది, ముహూర్తాలే లేవు, ఏ ఇంట్లోనూ పెండ్లి లేదు. ఇక మిగిలింది ఒకటే. స్టేషనులో గడ్డ దిగడం చూసినవాళ్ళు యాడికని మస్తాన్ని అడిగినారు. పెద్దరెడ్డోళ్ళ ఇంటికి అన్నాడు వాడు. డాక్టరు మాట ఊరందరికీ తెలిసిందే. ఇక ఎవరు పోయినారని అడగాల్సిన పనే లేకపోయింది. చేతిలో పని కింద పెట్టి అందరూ వచ్చేసినారు. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్నే, కానీ చావింటికొచ్చి అది నిజమా అని ఎవరడుగుతారు?

అంతలో వీధిలో నుంచి మా అత్త వచ్చింది. నిమ్మకాయలు కొంగులో కట్టుకుని వస్తుంటే దారిలో ఎవరో ఆమెను పట్టుకుని భోరుమన్నారట. కొంగు జారి, కాయలన్నీ వీధిలో పోయి, జుట్టు విడిపోయి, చెప్పులు లేకుండా ఆ ఎండలో పరుగెత్తి వచ్చింది. గడపలో అడుగుపెట్టి, కూర్చుని ఉన్న మామను చూసింది. అరవలేదు, ఏడవలేదు. నేరుగా వచ్చి ఆయన వీపు మీద రెండు చేతులతో టపటపా కొట్టింది. తర్వాత అక్కడే ఐసు మధ్యలో కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా ఆ చెయ్యి వదల్లేదు. మామ కూడా విడిపించుకోలేదు. నలభై ఏండ్ల కాపురంలో నలుగురిలో ఆయన చెయ్యి ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారని చెన్నమ్మత్త తర్వాత చెప్పింది.

నేను మూలన నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది. కాశ్మీరు ఆకు, ఒప్పందం, ఐసు, అన్నీ. చెప్తున్న కొద్దీ ఒక్కొక్కరి మొహమూ మారుతోంది. "టీకా? టీ తాగేదానికా ఇంత గడ్డ?" అని వెనక ఎవరో అడిగినారు. తలెత్తుకోలేకపోయినా. వాళ్ళు కోప్పడినా బాగుండేది. పొలాలు, అంగళ్ళు వదిలి, మండుటెండలో వచ్చి ఏడ్చినారు కదా.

నన్ను కాపాడింది చెన్నమ్మత్తే. కాపాడిందో, ముంచిందో. కళ్ళు తుడుచుకుని లేచి, చేతులు దులుపుకుని అంది:

"అయిందంతా మంచికే అయ్యిందిలే. కాకి ఎవుర్నన్నా తన్నితే, ఆ మనిసి సచ్చినాడని మనమే చుట్టాలకు కార్డు రాస్తాం గదా, వాళ్ళు ఏడిస్తే గండం పోతాదని. అట్లాంటిది రాయకుండానే ఊరంతా వొచ్చి ఏడిసినారు. మా యన్నకు ఉన్న గండమంతా ఈ దెబ్బతో పాయె. ఆయుస్సు పెరిగె."

ఆ మాటతో ఇంట్లో గాలే మారిపోయింది. అంతసేపూ మొహాలు వేలాడేసుకున్నవాళ్ళు ఒక పుణ్యకార్యం చేసినట్టు నిటారుగా నిలబడినారు. మామ మొహం వెలిగిపోయింది. ఒక్కొక్కరినీ పిలిచి విచారణ మొదలుపెట్టినాడు.

"నువ్వు ఏడిస్తివా?"

"ఏడిస్తి రెడ్డీ. గేటు కాడినుంచి ఏడుసుకుంటానే వొస్తి."

"నువ్వు?"

"నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయన్నా, కిందికి పళ్ళేదు."

"అది లెక్కకు రాదు. కాశప్పా, నువ్వు?"

"నేను ఐసు పేరుస్తాంటి రెడ్డీ. ఏడ్సేకి టయిం ల్యాకపాయె."

ఆఖరికి లెక్క తేల్చినాడు. ఇంతమంది కడుపులో నుంచి ఏడిస్తే పదేండ్లకు తక్కువ ఉండదని. తేల్చి, నా వైపు తిరిగి, చాలా ప్రేమగా అన్నాడు:

"సరోజమ్మా, ఇంతమందిని నోరెండబెట్టి పంపితే ఆ ఆయుస్సు నిల్చదు. టీ పెట్టు తల్లీ. చక్కెర దండిగా ఎయ్. నాక్కూడా."

"మామా! మాటిచ్చినావు! ఐసు వస్తే నెలరోజులు చక్కెర ముట్టనన్నావు. గని మీద ఒట్టేసినావు!"

"ఏసినా. తప్పను." ఆయన పక్కనున్న ఐసుముక్క ఒకటి చేతిలోకి తీసుకుని నాకు చూపించినాడు. "ఏ ఐసు తల్లీ? ఇదేనా? నా పీనుగ పక్కన పెట్టిన ఐసు నన్నే తాగమంటావా? నువ్వు పోస్తే తాగుతా. ఊరి పెద్దలున్నారు, వాళ్ళనే అడుగు."

ఊరి పెద్దలందరూ ఒక్క గొంతుతో వద్దంటే వద్దన్నారు. మైలపడిన ఐసు నోట్లో పోసుకుంటే వచ్చిన ఆయుష్షు కూడా పోతుందని చెన్నమ్మత్త తీర్పు చెప్పింది. అంత గడ్డలో శుభ్రమైన ముక్క ఒక్కటైనా మిగిలిందేమో అని పంచలోకి పోయి ఊకలో వెతికినా. కాశప్ప ఒక్కటి కూడా మిగల్చలేదు. పనిమంతుడని చెప్పినా కదా.

ఇక ఏముంది. ఏ పొయ్యి మీద మామ చక్కెర మానిపించే టీ కాచినానో, అదే పొయ్యి మీద పెండ్లి అండా ఎక్కించినా. రత్నమ్మక్క అన్నం, పప్పుతో పాటు వాళ్ళ అంగట్లో నుంచి చక్కెర కూడా పంపింది. యాభై మందికి మీగడ టీ కాచి, నా చేతులతో నేనే పోసి, మామకు మొదటి గ్లాసు అందించినా. ఆయన తాగుతుంటే మా నాయన మైసూరు పాకు తింటున్నప్పుడు నిలబడినట్టే తలుపు దగ్గర నిలబడి చూసినా. బాధేసింది. దాచుకునేదేముంది, నిజంగానే బాధేసింది.

సాయంత్రం మా ఆయన బస్సు దిగితే స్టాండులో నలుగురు వచ్చి భుజం తట్టి, "మీ నాయన బతికినాడంట" అని చెప్పినారట. ఇంటికొచ్చినాక ఐసు సంగతి నీకు ముందే తెలీదా అని నిలదీసినా. "తెలుసు. పెండ్లనుకుంటారులే అనుకున్యా. మూఢం నాకేం గుర్తు?" అన్నాడు. ఈయనతో కాపురం చేస్తూ నేను ఇంకొకరి ఆరోగ్యం బాగుచేయాలని పోయినా!

ఒక్క మాట మాత్రం ఉంది. ఆ మర్నాటి నుంచి మామ తొమ్మిది గ్లాసులు నాలుగుకు దించినాడు. నేను చెప్పలేదు, డాక్టరు చెప్పలేదు. అత్త ఐదో గ్లాసు తెస్తే చెయ్యి అడ్డం పెట్టి వద్దంటున్నాడు. పోయిన ఆదివారం చక్కెర కూడా సగమే వెయ్యమన్నాడట. ఎందుకు మామా అని అడిగితే, "ఊరికే" అని బయటికి పోయినాడు. ఆరోజు ఎండలో కాళ్ళు బొబ్బలెక్కేలా పరుగెత్తి వచ్చిన మా అత్తను చూసి తగ్గించినాడని నేననుకుంటున్నా. నా ఆకు గొప్ప మాత్రం కాదు.

ఇక ఆ డబ్బా అంటారా, పారేయడానికి మనసు రాలేదు. తమ్ముడు అంత దూరం నుంచి పంపినాడు కదా. ఐసు మాట ఈ ఇంట్లో ఎత్తే ధైర్యం ఎవరికుంది? కుండలో పెట్టి చల్లార్చి నేనొక్కదాన్నే తాగుతున్నా, రోజుకు రెండు పూటలా. మామకైతే ఊరంతా కూర్చుని ఏడ్చి పదేండ్లు ఇచ్చిపోయింది. నాకట్లా ఎవరిస్తారు? నా ఆయుష్షు నేనే కాచుకుని, వడగట్టుకుని, చల్లార్చుకుని తాగుతున్నా.